సహేతుకమైన నలభై వేలు

గుడిమెట్ల భ్రమరాంబ ప్లీడరీలో అంత తొందరగా తేలిపోయిన కేసు మరొకటి లేదు. తిప్పలన్నీ గెలిచిన తర్వాతే మొదలయ్యాయి.

కేసు వాసంశెట్టి గంగరాజుది. కాకినాడ చుట్టుపక్కల పెళ్లిళ్లకీ గృహప్రవేశాలకీ వంటలు చేసే మేస్త్రీ అతను. ఆ ఏడు ఊరంతా జ్వరం టీకా వేయించుకుంటే తనూ క్యూలో నిలబడి వేయించుకున్నాడు. టీకా వల్ల ఊరికి మేలే జరిగింది. ఎప్పుడూ కిటకిటలాడే ఆసుపత్రి వార్డుల్లో మంచాలు ఖాళీగా కనబడ్డాయి. లక్షల్లో ఏ ఒక్కరికో నరాలు దెబ్బతినవచ్చని డాక్టర్లు ముందే చెప్పారు. ఆ ఒక్కడు గంగరాజయ్యాడు. ముందు పాదాలు తిమ్మిరెక్కాయి. తర్వాత మోకాళ్ల కింద కాళ్లు ఎవరివో తెచ్చి తగిలించినట్టు వేలాడాయి. రోజంతా పొయ్యిల మధ్య నిలబడి ముప్ఫై మందిని పరుగులెత్తించిన మనిషి గోడకి ఆనించిన మంచం మీద పడ్డాడు.

ఇలాంటివాళ్ల కోసమే ప్రభుత్వం టీకా నష్టపరిహార మండలి ఏర్పాటు చేసింది. తప్పు ఎవరిదో వెతకనక్కర్లేదు. నష్టం టీకా వల్ల జరిగిందని చూపిస్తే చాలు. కష్టంలో ఉన్నవాడిని ప్లీడర్లు పీల్చకుండా మరో మంచి నిబంధన కూడా పెట్టారు. బాధితుడి దగ్గర ప్లీడరు పైసా పుచ్చుకోకూడదు. ప్లీడరుకీ, సాక్ష్యం చెప్పిన డాక్టరుకీ మండలే ‘సహేతుకమైన ఫీజు’ చెల్లిస్తుంది. పరిహారం, ఫీజు ఒకే ఉత్తర్వులో ఉండాలి, అప్పుడే ఎవరి డబ్బూ ఎవరూ ఎగ్గొట్టడానికి ఉండదు. నిబంధనలు రాసినవాళ్లు మంచివాళ్లే. వాటిని అమలుచేసేవాళ్లని మాత్రం వాళ్లు చూసి ఉండరు.

మూడో వాయిదాలోనే మండలి ఒప్పుకుంది. నరాల డాక్టరు షరీఫ్ గారు వచ్చి గంగరాజు కాళ్ల సంగతి చెప్పారు, కాదన్నవాళ్లు లేరు. ఎనిమిది లక్షల పరిహారం ఖాయమైంది. బయటికొచ్చాక డాక్టరు భ్రమరాంబని పక్కకి పిలిచారు.

“డబ్బు చేతికి రాగానే విశాఖపట్నం పంపించండమ్మా. ఇప్పుడు వైద్యం మొదలుపెడితే లేచి నడుస్తాడు. ఆలస్యం చేస్తే నరం మన కోసం కూర్చోదు.”

భ్రమరాంబ మర్నాడే బిల్లు పెట్టింది. అర పేజీ కాగితం. తన ఫీజు నలభై వేలు, డాక్టరుకి పన్నెండు వేలు.

మండలి కార్యదర్శి చక్రపాణి ఆ కాగితాన్ని కిటికీ వెలుతురుకి ఎత్తిపట్టి చూశాడు. దొంగనోటు చూసినట్టు చూశాడు.

“నలభై వేలు,” అన్నాడు. “గుండ్రంగా ఉంది మేడమ్.”

“అవునండి.”

“అదే ఇబ్బంది. నిజమైన ఖర్చు గుండ్రంగా ఉండదు. దానికో తోక ఉంటుంది. ముప్ఫై తొమ్మిది వేల ఆరువందల పన్నెండు అన్నారనుకోండి, లెక్క వేశారని అర్థమవుతుంది. నలభై వేలంటే ఏదో అనుకుని రాశారని అర్థమవుతుంది.”

“అనుకునే రాశానండి. ఈ ఊళ్లో ఇలాంటి కేసుకి అందరూ పుచ్చుకునేది అంతే. కింద కోర్టులో ఎవర్ని అడిగినా చెబుతారు.”

“అడగడానికి మాకు విధివిధానం లేదు,” అన్నాడు చక్రపాణి. అతని గొంతులో కోపం లేదు. కోపం లేకపోవడం చూసే భ్రమరాంబకి కాస్త భయం వేసింది.

వారం తిరక్కుండా కబురొచ్చింది. పని చేసిన సమయాన్ని ఆరేసి నిమిషాల ముక్కలుగా విడగొట్టి, ఏ ముక్కలో ఏం చేసిందో రాసివ్వాలి. భ్రమరాంబ అబద్ధం రాయలేని మనిషి. డైరీ ముందేసుకుని, గుర్తున్నంతలో నిజాయితీగా రాసింది. గంగరాజు ఇంటికి వెళ్లిన సమయం, పుస్తకాలు తిరగేసిన సమయం, వాదించిన సమయం. కేసులో అసలు కీలకం ఒక ఉదయం స్నానం చేస్తుండగా తట్టింది. ఆ ముక్క కూడా వదలకుండా ‘స్నానం చేస్తూ కేసు గురించి ఆలోచించుట’ అని రాసేసింది.

దాంతో మండలిలో అలజడి పుట్టింది. అధ్యక్షుడు విశ్వంభరం పెద్ద పెద్ద శాఖలు ఏలి రిటైరయిన మనిషి. మాట మొదలుపెట్టే ముందు ఎదురుగా మైకు లేకపోయినా ఉన్నట్టే సర్దుకునేవాడు.

“మండలి ధనం ప్రజాధనం,” అన్నాడు. “ప్రజాధనం నుంచి ఒక్క పైసా వెలువడాలన్నా అది సహేతుకమని నిర్ధారణ కావలసి ఉన్నది. ఆ నిర్ధారణ సైతం సహేతుకంగా జరగవలసి ఉన్నది. ఇది ఒక వ్యక్తి తేల్చదగిన విషయం కాదు.”

ఆ విధంగా సహేతుకతా నిర్ధారణ సంఘం ఏర్పడింది. ముగ్గురు సభ్యులు. ఒక్కొక్కరికి కూర్చున్నందుకు రోజుకి ఆరు వేలు, రానూపోనూ కారు, మధ్యాహ్నం భోజనం, నాలుగింటికి జీడిపప్పు. మొదటి సమావేశంలో సంఘం పేరులో ‘నిర్ధారణ’ అని ఉండాలా ‘నిర్ణయ’ అని ఉండాలా అన్నది తేల్చారు. రెండో సమావేశంలో స్నానం దగ్గరికి వచ్చారు.

“స్నానం అనునది సదరు అడ్వకేటు ఎటులైనను చేయవలసినదే,” అని చదివాడు ఒక సభ్యుడు. “కావున ఆ సమయమున కలిగిన ఆలోచన అదనపు శ్రమగా పరిగణింపజాలము.”

“నేను ఏకీభవిస్తున్నాను,” అన్నాడు రెండో సభ్యుడు. “అంతేకాదు. స్నానంలో ఆలోచన ఉచితంగా లభిస్తున్నప్పుడు, ఆఫీసు గదిలో కూర్చుని ఖరీదుగా ఆలోచించుట ప్రజాధన దుర్వినియోగం కాదా?”

మూడో సభ్యుడు దాన్ని రాసుకున్నాడు. ఆ నెలాఖరుకి జిల్లాలోని అడ్వకేట్లందరికీ ఒక సర్క్యులర్ వెళ్లింది. టీకా కేసులకు సంబంధించిన ఆలోచనలను సాధ్యమైనంతవరకు స్నాన సమయమున పూర్తి చేసుకోవలెనని అందులో కోరారు. బార్ రూములో అది చదివి అందరూ పొట్ట పట్టుకుని నవ్వారు. భ్రమరాంబకి మాత్రం నవ్వు రాలేదు. గంగరాజు భార్య వరహాలు ఆ పొద్దుటే ఫోన్ చేసి, డబ్బు ఎప్పుడొస్తుందని అడిగింది.

తర్వాత డాక్టరు వంతు వచ్చింది. షరీఫ్ గారు ఓపీ ఆపుకుని వచ్చి సంఘం ముందు కూర్చున్నారు.

“రోగిని పరీక్షించుటకు తమకు ఎంత సమయం పట్టినది?” అని అడిగాడు మొదటి సభ్యుడు.

“పది నిమిషాలండి. మహా అయితే పన్నెండు.”

ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

“పది నిమిషాలకు పన్నెండు వేలా?”

“పది నిమిషాల్లో చూడగలగడానికి ముప్ఫై ఏళ్లు పట్టిందండి.”

“ఆ ముప్ఫై ఏళ్లకు సమయ పట్టిక సమర్పించగలరా?”

డాక్టరు గారు ఆ ప్రశ్న తనని కాదేమోనని వెనక్కి తిరిగి చూశారు. వెనకాల ఎవరూ లేరు.

“చూడండి,” అని రెండో సభ్యుడు నచ్చజెప్పే ధోరణిలో అందుకున్నాడు. “పది నిమిషాలలో తేలునంత సులభమైన విషయమైతే దానికి నిపుణుడు అవసరం లేదు. పోనీ పది గంటలు పట్టిందంటే మీరు నిపుణులు కారు. సహేతుకమైన నిపుణుడు అనగా మధ్యస్థంగా సమయం తీసుకొనువాడు. తమరు ఏ కోవకు చెందుతారో తేల్చుట మాకు కష్టంగా ఉన్నది.”

“ఆ పన్నెండు వేలు నాకొద్దండి,” అన్నారు షరీఫ్ గారు లేస్తూ. “ఆ మనిషిని ముందు వైద్యానికి పంపించండి.”

“ఆవేశం సహేతుకత కాదు,” అని రాసుకున్నాడు మూడో సభ్యుడు.

నిపుణుడి ఫీజు గురించి చెప్పడానికి నిపుణుడే కావాలి గదా. హైదరాబాదు నుంచి ప్రొఫెసర్ నిరంజన్ గారిని రప్పించారు. ఆయన రెండు నెలలు శ్రమించి, రంగుల బొమ్మలతో లావుపాటి నివేదిక ఇచ్చాడు. పన్నెండు వేలు సహేతుకమేననీ, ఆ మాటకొస్తే కొంచెం తక్కువేననీ దాని సారాంశం. నివేదిక వెనకాలే తొంభై వేలకి బిల్లు వచ్చింది. ఆ తొంభై వేలు సహేతుకమా కాదా అన్న సందేహం సహజంగానే వచ్చింది. దాన్ని తేల్చడానికి బెంగుళూరు నుంచి ఇంకొకాయన్ని పిలిచారు. ఆయన విమానంలో వచ్చాడు.

ఇదంతా ‘నిర్ధారణ వ్యయం’ పద్దు కింద రాస్తున్నారనీ, ఆ పద్దూ బాధితుల పరిహారం పద్దూ ఒకే నిధిలోంచి వెళతాయనీ భ్రమరాంబకి ఒక గుమాస్తా చెప్పాడు. హైకోర్టుకి వెళదామా అని ఆవిడ తన సీనియర్ని అడిగింది. వెళ్లొచ్చు, రెండేళ్లు పడుతుందన్నాడాయన. రెండేళ్లు గంగరాజు కాళ్లు ఆగవు.

ఒక ఆదివారం వరహాలు ఇంటికే వచ్చింది. లోపలికి రమ్మంటే వచ్చి, కుర్చీ చూపిస్తే కూర్చోకుండా గుమ్మం పక్కన నిలబడింది. ఇదివరకు వస్తే వంటింట్లోకి వచ్చి కాఫీ తాగి వెళ్లే మనిషి.

“ఏమైంది వరహాలూ? గంగరాజు ఎలా ఉన్నాడు?”

“గోడ పట్టుకుని లేవడానికి చూస్తున్నాడండి. మొన్న పడిపోయేడు. ఇశాపట్నంలో చూపిస్తే, నెలల తరబడి కసరత్తు చేయించాలి, దగ్గరే గది తీసుకుని ఉండాలన్నారండి. రెండు లక్షలు దాటుద్దంట. అమ్మగారూ, ఓ మాటంటాను, కోపం తెచ్చుకోకండేం.”

“చెప్పు.”

“డబ్బు మంజూరైపోయిందంట గదండీ. మీ ఫీజు తేలకే ఆపేరని చెబుతున్నారండి ఆఫీసులో. మా మరిదైతే, ప్లీడరమ్మగారు ఎక్కువ అడిగుంటారు, అందుకే బిగిసిందంటున్నాడండి.”

భ్రమరాంబకి చెంపమీద కొట్టినట్టయింది. కాదని చెప్పడానికి నోరు తెరిచింది. తీరా చూస్తే వరహాలు అన్నదాంట్లో అబద్ధం ఏదీ లేదు. డబ్బు ఆగింది నిజం. తన ఫీజు దగ్గరే ఆగిందీ నిజమే.

“రేపే తేల్చేస్తాను,” అంది.

మర్నాడు మండలికి ఒకే వాక్యంతో అర్జీ ఇచ్చింది. ఈ కేసులో నాకు ఫీజు అక్కర్లేదు, పరిహారం వెంటనే విడుదల చేయవలసింది. చక్రపాణి ఆ అర్జీని రెండుసార్లు చదివి, చేతికి అంటుకుంటుందన్నట్టు బల్లమీద దూరంగా పెట్టాడు. పది రోజులకి అధ్యక్షుడి ముందు హాజరవమని పిలుపొచ్చింది.

“సున్నాను మేము అన్ని కోణాల నుంచీ పరిశీలించాము,” అన్నాడు విశ్వంభరం. “నిబంధన ఏమంటున్నది? సహేతుకమైన ఫీజు ‘చెల్లించవలెను’ అంటున్నది. సున్నా చెల్లించుట ఎట్లు? చెక్కుమీద సున్నా రాసినచో బ్యాంకువారు ఒప్పుకొందురా?”

“చెక్కే వద్దండి. నేను వదులుకుంటున్నాను.”

“ఫీజు లేనప్పుడు నిర్ధారణ లేదు. నిర్ధారణ లేనప్పుడు ఉత్తర్వు లేదు. ఉత్తర్వు లేనప్పుడు పరిహారం ఎక్కడిది?”

“అయితే ఒక్క రూపాయి ఇప్పించండి. ఒక్క రూపాయితో ఉత్తర్వు రాయండి.”

అధ్యక్షుడి కళ్లు చిన్నవయ్యాయి.

“మొన్న నలభై వేలు అన్నారు. నేడు రూపాయి అంటున్నారు. రెంటిలో ఒకటి అసత్యం కావలె. నలభై వేలు సరియైనచో రూపాయి కోరుట మండలిని తప్పుదోవ పట్టించుట. రూపాయి సరియైనచో నలభై వేలు కోరుట మోసం. తాము ఏది అంగీకరిస్తారు?”

ముప్ఫై ఏళ్లుగా ఎందరో సాక్షుల్ని బోనులో తికమకపెట్టిన భ్రమరాంబ ఈసారి తనే తికమకపడింది. ఎదుటివాడు తెలివైనవాడైతే జవాబు దొరికేది.

ఆ శుక్రవారం షోకాజు నోటీసు అందింది. వృత్తి శ్రమ విలువను అసహేతుకముగా తగ్గించి చూపి, తద్వారా ఇతర అడ్వకేట్ల బిల్లుల సహేతుకతకు భంగం కలిగించినందుకు చర్య ఎందుకు తీసుకోరాదో తెలపాలి. దానికి జవాబు రాసింది. జవాబు మీద విచారణ పెట్టారు. విచారణ మూడుసార్లు వాయిదా పడింది, ఒకసారి సభ్యుడి మనవరాలి ఓణీల వేడుక వల్ల. ప్రతిసారీ ఆవిడ కోర్టు పని మానుకుని ఆ మెట్లెక్కి, మధ్యాహ్నం దాకా బెంచీ మీద కూర్చుని, దిగి వచ్చింది. ఆ బెంచీ మీద వేరే ఊళ్లనుంచి వచ్చినవాళ్లు కూడా కనబడేవారు. చూపు మందగించిన టీచరొకామె, చేయి పైకెత్తలేని కుర్రాడి తండ్రి. వాళ్ల కేసులు కూడా గెలిచినవే.

ఏడాది దాటింది. చివరికి నోటీసు మీద మండలి ఉదారంగా వ్యవహరించి, హెచ్చరికతో వదిలేసి, ‘సక్రమమైన బిల్లు’ కొత్తగా దాఖలు చేసుకోమంది. ఆ ఉత్తర్వు కింద మామూలుగా ఉండే వాక్యం ఒకటి ఉంది. ఫీజు నిర్ధారణ నిమిత్తం అడ్వకేటు వెచ్చించిన సమయం కూడా ఫీజులో అంతర్భాగమని.

భ్రమరాంబ ఆ వాక్యాన్ని చాలాసేపు చూసింది. తర్వాత డైరీ తీసి బిల్లు రాయడం మొదలుపెట్టింది. ఒక్క నిమిషం కల్పించలేదు. మెట్లెక్కిన రోజులు, బెంచీ మీద గంటలు, సమయ పట్టిక రాయడానికి పట్టిన సమయం, రూపాయి ఎందుకు అడిగిందో వివరించడానికి పట్టిన సమయం, స్నానం గురించి వివరణ, ఆ వివరణ మీద వివరణ. అన్నీ కూడితే మూడు లక్షల పదహారు వేల ఎనిమిది వందల డెబ్భై నాలుగు రూపాయలు తేలింది. అందులో గంగరాజు కేసుకి నలభై వేలు. మిగిలిందంతా ఆ నలభై వేలు సబబేనని చెప్పడానికి అయిన ఖర్చు.

బిల్లు చేతిలో పడగానే చక్రపాణి ముఖం విప్పారింది. చేత్తో బరువు చూశాడు. కింది అంకె చూశాడు.

“ఇది బిల్లంటే,” అన్నాడు. “మొదటే ఇలా ఇచ్చుంటే మీకూ మాకూ ఇంత శ్రమ తప్పేది గదా మేడమ్.”

ఒక్క సమావేశంలో అయిపోయింది. ఎంత సహేతుకమైన బిల్లునైనా ఉన్నది ఉన్నట్టు ఆమోదించుట సహేతుకం కాదు గనుక పదో వంతు కోసేసి, మిగతాది మంజూరు చేశారు. జీడిపప్పు రాకముందే లేచారు. మెట్లు దిగుతుంటే భ్రమరాంబకి సిగ్గేసింది. నలభై వేలకి నిజాయితీగా పనిచేసిన మనిషిని వీళ్లు నమ్మలేదు. రెండు లక్షల ఎనభై ఐదు వేలకి ఏడాదిపాటు ఏ పనీ చేయనివ్వకుండా కూర్చోబెట్టి, దానికి దండం పెట్టి డబ్బిచ్చారు.

చెక్కు వారంలో వచ్చింది. గంగరాజుకి మాత్రం చెక్కుకి బదులు ఉత్తరం వచ్చింది. నిర్ధారణ వ్యయాలకు ప్రాధాన్యం ఉన్నందున ఈ సంవత్సరపు నిధి పూర్తిగా ఖర్చయినది, పరిహారం నిధుల లభ్యతను బట్టి రాబోయే సంవత్సరంలో చెల్లింపబడును. తాము మండలిపట్ల చూపిన సహనానికి కృతజ్ఞతలు.

భ్రమరాంబ ఆ సాయంత్రమే గంగరాజు ఇంటికి వెళ్లింది. అతను మంచం మీద లేచి కూర్చున్నాడు. మనిషి సగమయ్యాడు. ఆవిడ బ్యాంకునుంచి తెచ్చిన డబ్బు సంచీ మంచంమీద పెట్టింది.

గంగరాజు దాన్ని ముట్టుకోలేదు. “ఇదేంటండి?”

“నా ఫీజు.”

“మీ ఫీజు నాకెందుకండి? మీరు కష్టపడ్డ సొమ్ము. నేను పుచ్చుకోకూడదండి.” గొంతు పెంచకుండానే అన్నాడు, కానీ మళ్లీ మాట్లాడటానికి వీల్లేనట్టు అన్నాడు. వెనకాల వరహాలు తల వంచుకుని నిలబడింది.

భ్రమరాంబ కొంగు సర్దుకుని, బేరానికి వచ్చినదానిలా ముందుకి జరిగి కూర్చుంది.

“నీకు ఊరికే ఇస్తానని ఎవరన్నారు? నాకు వంట కావాలి. ప్లీడరీ మొదలుపెట్టి ముప్ఫై ఏళ్లవుతోంది. కోర్టువాళ్లందర్నీ భోజనానికి పిలవాలి. మూడొందల మంది. సామాను నాది, పని నీది. ఇది అడ్వాన్సు.”

గంగరాజు ముఖంలో ఏదో కదిలింది. చాలాకాలంగా అతన్ని ఎవరూ వంట గురించి అడగలేదు.

“ఎప్పుడండి?”

“నువ్వు పొయ్యి దగ్గరికి రాగలిగినప్పుడు.”

“మూడొందల మందికి మేస్త్రీ కూలీ ఇంత ఎక్కడా లేదండి. మనుషులతో కలిపి ముప్ఫై ఐదు వేలు. అంతకన్నా పుచ్చుకుంటే నలుగురూ నవ్వుతారండి.”

“అయితే ఏటా పెడతాను. మా అత్తగారి సంవత్సరీకం ఉంది, అమ్మాయి సీమంతం ఉంది, కొత్తిల్లు మొదలుపెట్టాను. ఎనిమిది భోజనాలు అనుకో.”

“ఎనిమిదికి రెండు ఎనభై అండి. ఇందులో అయిదు వేలు ఎక్కువుంది.”

“పొయ్యిలకి కర్రలు కొను.”

“ఇప్పుడు గ్యాసండి,” అన్నాడు గంగరాజు, నవ్వొచ్చేస్తుంటే ఆపుకుంటూ. “సరే, పాత్రల అద్దెకి జమ వేసుకుంటాను.”

బేరం తెగింది. వరహాలు లోపలికి వెళ్లి, చాలాసేపు రాలేదు. వచ్చినప్పుడు ఆమె చేతిలో కాఫీ గ్లాసుంది, కళ్లు ఎర్రగా ఉన్నాయి.

“అమ్మగారూ, ఆరోజు నేనన్న మాట...” అంది.

“ఏ మాట? పంచదార తక్కువేసేవు,” అంది భ్రమరాంబ.

వాళ్లు ఆ వారమే విశాఖపట్నం వెళ్లారు. ఇచ్చిన ఫీజును ఏ విధంగా వినియోగించినదీ తెలపాలని మండలినుంచి భ్రమరాంబకి ఒక కాగితం వచ్చింది. ‘భోజనాలకు’ అని రాసి పంపింది. దానిమీద మళ్లీ ప్రశ్న రాలేదు. భోజనాల ఖర్చు వాళ్లకి తెలిసిన విషయమే.

గంగరాజు ఎనిమిది నెలలకి తిరిగొచ్చాడు. చేతికర్రతో నడుస్తున్నాడు. కుడికాలు బాగానే పడుతుంది, ఎడమకాలు ఈడుస్తాడు. ఏడాది ముందు తెచ్చుంటే కర్ర అవసరమయ్యేది కాదని అక్కడి డాక్టరు చెప్పాడట. ఆ సంగతి భ్రమరాంబకి చెప్పవద్దని వరహాలుకి గట్టిగా చెప్పాడు. వరహాలు చెప్పేసింది.

మాఘమాసంలో భోజనాలు పెట్టారు. గంగరాజు వంటపందిట్లో ఎత్తైన స్టూలు వేయించుకుని, కర్ర ఒళ్లో పెట్టుకుని, కూర్చున్నచోటునుంచే అందరినీ నడిపించాడు. పనసపొట్టు కూర, దప్పళం, కొబ్బరి మామిడి పచ్చడి, పులిహోర, నేతి పూర్ణాలు. కోర్టు అంతా వచ్చింది. పిలవకపోతే బాగుండదని భ్రమరాంబ మండలివాళ్లనీ పిలిచింది; వాళ్లు అందరికన్నా ముందు వచ్చి మొదటి బంతిలో కూర్చున్నారు.

భోజనం కాగానే చక్రపాణి చేయి తుడుచుకుంటూ వంటపందిట్లోకి వచ్చాడు. భ్రమరాంబ అక్కడే, పూర్ణాలు ఇంకా ఎన్ని ఉన్నాయో చూస్తోంది. అతను ఆవిడకి నమస్కారం పెట్టి, స్టూలు మీది మనిషి వైపు తిరిగాడు.

“దప్పళం అదిరింది మేస్త్రీ. మా అమ్మాయి పెళ్లి వైశాఖంలో. నాలుగొందల మందికి ఎంత తీసుకుంటావు?”

“సామాను మీదైతే నలభై అయిదండి.”

“నలభై చేసుకో.”

“రాదండి. నేను కూర్చుని చేయిస్తాను, ఇద్దరు మనుషులు ఎక్కువ కావాలి.”

“సరే, నలభై రెండు. ఖాయం.” చక్రపాణి ఫోన్ తీశాడు. “పేరేంటి?”

“వాసంశెట్టి గంగరాజండి.”

ఆ పేరున్న ఫైలుమీద రెండేళ్లలో ఎన్నో సంతకాలు పెట్టిన చక్రపాణి, పేరు చెప్పించుకుని, అక్షరం అక్షరం కొట్టి, పక్కన ‘వంట’ అని చేర్చుకున్నాడు. భ్రమరాంబ పూర్ణాల లెక్క ఆపి అతని వైపు చూసింది. అతని ముఖంలో ఏ మార్పూ లేదు.

“కాలికేమయిందయ్యా?” అని అడిగాడు ఫోన్ జేబులో పెట్టుకుంటూ.

“టీకా వేయించుకుంటే ఇలా అయిందండి. లక్షల్లో ఒకడికి అవుద్దంటండి.”

“అయ్యో పాపం. దానికి మా ఆఫీసే ఉంది గదా. అర్జీ పెట్టుకోకపోయావా?”

“పెట్టేనండి.”

“మరి?”

“చూస్తున్నారంటండి.”

చక్రపాణి తృప్తిగా తల ఊపాడు. “చూస్తారు, చూస్తారు. అక్కడ ఏదైనా జాగ్రత్తగా చూస్తారు,” అని చెప్పి, పళ్లెంలోంచి ఇంకో పూర్ణం తీసుకుని, తింటూ బయటికి వెళ్లిపోయాడు.